‘తెలియదు’ అనే జవాబు

మన భాషలో బాలారిష్టం అనే మాట ఒకటి ఉంది. ఈ రోజుల్లో పత్రికలు దాన్ని కొత్తగా పెట్టిన కంపెనీలకూ, కొత్తగా ఏర్పడిన జిల్లాలకూ వాడుతున్నాయి. అసలు అర్థం అది కాదు. పసితనంలోనే బిడ్డ ప్రాణానికి ముప్పు తెచ్చే గ్రహస్థితిని జ్యోతిషం బాలారిష్టం అన్నది. కన్న పిల్లల్లో సగంమంది మిగిలితే చాలుననుకునే సమాజం తయారుచేసుకున్న మాట అది. ఒక సమాజం తన దుఃఖానికి ఇంత పొట్టి పేరు పెట్టుకున్నదంటే ఆ దుఃఖం దానికి ఎంత మామూలైపోయిందో ఊహించవచ్చు.

ఈ మాట నాకు ఎం.ఏ. చదివేటప్పుడు అర్థం కాలేదు. మా పాపకు నాలుగో ఏడు వచ్చినప్పుడు అర్థమైంది. నెలకొకసారి జ్వరం వచ్చేది. నూట మూడు, నూట నాలుగు. నోట్లో పుళ్లు, గొంతు నొప్పి, మెడ దగ్గర బిళ్లలు. నాలుగు రోజులు ఉండి, ఎవరో పిలిస్తే వెళ్లినట్టు వెళ్లిపోయేది. మధ్య రోజుల్లో పిల్ల ఇల్లు పీకి పందిరి వేసేది. మొదటి మూడుసార్లూ పిల్లలన్న తర్వాత జ్వరాలు రావా అనుకున్నాం. నాలుగోసారి మలేరియా, టైఫాయిడ్, డెంగీ పరీక్షలు చేయించాం. అయిదోసారి డాక్టర్ని మార్చాం. ఆరోసారి మా అమ్మ, ‘‘పక్షిదోషంరా అబ్బాయ్, అంత్రం కట్టించు’’ అన్నది.

నేను అభ్యుదయ భావాలు గలవాణ్ని. వీరేశలింగం పుట్టిన రాజమండ్రిలో, ఆయన రచనల మీద పిల్లలకు పాఠాలు చెప్పి జీతం తీసుకుంటున్నవాణ్ని. అంత్రం కట్టించాను. ఆ మరుసటి నెల జ్వరం రాలేదు.

ఆ నెల నేను అనుభవించింది సంతోషమో సిగ్గో నాకిప్పటికీ స్పష్టంగా తెలియదు. రెండూ కావచ్చు. ఆ తర్వాతి నెల జ్వరం యథాప్రకారం వచ్చింది. నన్ను నేను క్షమించుకున్నాను.

మన పూర్వులు కాకతాళీయ న్యాయం అని ఒకటి చెప్పారు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, పండు రాలింది. కాకి వాలడం వల్లనే పండు రాలిందనుకోరాదు. బడిలో ఈ న్యాయాన్ని వల్లించని వాడు లేడు. కాని వస్తూ పోతూ ఉండే రోగం దగ్గర ఈ న్యాయం ఎవరికీ గుర్తు రాదు. కారణం ఉంది. వచ్చి పోవడమే స్వభావమైన జ్వరం ఏ మందు వేసినా పోతుంది, ఏ మందూ వెయ్యకపోయినా పోతుంది. పోయే ముందు ఆఖరున ఏది చేశామో దానికి కీర్తి దక్కుతుంది. మొదటి రోజున ఎవరూ తాయెత్తు కట్టించుకోరు. అన్నీ అయిపోయాక, రోగం పరాకాష్ఠకు చేరాక కట్టించుకుంటారు. పరాకాష్ఠ తర్వాత మిగిలేది తగ్గడమే. మంత్రగాడి పలుకుబడి అంతా ఈ ఒక్క రహస్యం మీద నిలిచి ఉంది.

అయితే మంత్రగాణ్ని తిట్టి ఊరుకుంటే మనకు మనం మోసం చేసుకున్నట్టే. మా పాపకు ప్రతిసారీ రెండో రోజున యాంటీబయాటిక్ రాసిన డాక్టర్లున్నారు. నాలుగో రోజున జ్వరం పోయేది. కీర్తి మందుకు దక్కేది. ఏం జ్వరమండీ అని అడిగితే ‘వైరల్’ అనేవారు. వైరల్ జ్వరాలు లేవని కాదు. వైరల్ అయితే యాంటీబయాటిక్ దేనికి అని అడిగితే మాత్రం జవాబు లేదు. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో తొమ్మిది బాలగ్రహాలను చెప్పాడు. స్కందుడు, శకుని, రేవతి, పూతన ఇత్యాదులు. శకుని అంటే పక్షి. మా అమ్మ చెప్పిన పక్షిదోషం ఆ వంశంలోదే అయి ఉండాలి. సుశ్రుతుణ్ని చూసి నవ్వనవసరం లేదు. నోరు లేని పసిబిడ్డ కళ్లు ఎలా తేలవేసింది, పిడికిళ్లు ఎలా బిగించింది, ఒంటి వాసన ఎలా మారింది అని ఆ తంత్రం పట్టిపట్టి గమనించింది. గమనించినంత మేరా అది వైద్యమే. గ్రహం పేరు చెప్పి అన్వేషణ ఆపిన చోట మాత్రమే అది వైద్యం కాకుండా పోయింది. ఆ లెక్కన ‘వైరల్’ అన్న మాటతో అన్వేషణ ఆపేసిన డాక్టరు సుశ్రుతుడి కంటే ఏ విధంగా ముందున్నట్టు?

నాలుగో డాక్టరు ఒక పెద్దావిడ. కాగితాలన్నీ తిరగేసి, పిల్లను చాలాసేపు చూసి, ‘‘నాకు తెలియదండీ’’ అన్నది. నాకు కాళ్లకింద నేల కదిలినట్టయింది. తర్వాత, ‘‘ప్రమాదమైనవి కావని ముందు తేల్చుకుందాం. మీరు తేదీలు రాసిపెట్టండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం’’ అన్నది. డబ్బిచ్చి, లైన్లో కూర్చుని, తెలియదనిపించుకుని బయటికి వచ్చినప్పుడు నాకు కలిగింది కోపం. ఆమె ఆ రోజు చేసిన పని మామూలు పని కాదని తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఇంట్లో గోడకు వెంకట్రామా వారి క్యాలెండరు ఉంది. జ్వరం వచ్చిన రోజులకు ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టడం మొదలుపెట్టాను. రెండు నెలలు కాగానే మా అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, ‘‘అదిగో, అమావాస్యకే వస్తోంది’’ అన్నది. నిజమే, అమావాస్య దగ్గరే ఉన్నాయి సున్నాలు. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. కాని జ్వరం ఇరవయ్యారు రోజులకొకసారి వస్తోంది. అమావాస్య ఇరవై తొమ్మిదిన్నర రోజులకొకసారి వస్తుంది. నెలకు మూడున్నర రోజుల తేడా. నాలుగు నెలలు గడిచేసరికి జ్వరం పౌర్ణమికి వచ్చి కూర్చుంది. క్యాలెండరు తీసుకుని వెళ్లి అమ్మకు చూపించాను. ‘‘పౌర్ణమి మాత్రం మంచిదా ఏమిటి?’’ అన్నది.

ఇది నవ్వులాట కాదు. ఒకే క్యాలెండరు, ఒకే ఎర్ర సున్నాలు. మా అమ్మ చూసింది కూడా పరిశీలనే, ఊహ చేసింది, అది కొన్నాళ్లు సరిపోయింది. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఊహ తప్పిపోయినప్పుడు. ఎన్నటికీ తప్పిపోవడానికి వీల్లేని జవాబుకు ఒక గొప్ప సుఖం ఉంది. కర్మ సిద్ధాంతం అలాంటి జవాబు. బిడ్డకు రోగం వచ్చిందా, పూర్వజన్మ పాపం. తగ్గిందా, పుణ్యశేషం. తిరగబెట్టిందా, పాపశేషం. ఇక అడగవలసిందేమీ లేదు. పైగా మా వీధిలో ఒకావిడ, ‘‘ఏ జన్మలో ఏం చేసుకున్నావో తల్లీ’’ అని సానుభూతి చూపించింది. నాకు కాదు, నా భార్యకు. ఈ సిద్ధాంతం తండ్రి పాపాల జోలికి సాధారణంగా పోదు. జ్వరాల రోజుల్లో నిద్ర లేక కళ్లు పీక్కుపోయిన మనిషి, తన బిడ్డ బాధకు తానే కారణమేమోనని ఆ రాత్రి ఏడ్చింది. అబద్ధపు జవాబు ఓదారుస్తుంది గదా, పోనిద్దురూ అనేవారు, ఆ ఓదార్పుకు ధర ఎవరు చెల్లిస్తున్నారో చూడాలి.

పాప ఆరోగ్యం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. క్యాలెండరు చూశాక ఆ డాక్టరే ఒక పేరు చెప్పింది. 1987లో అమెరికాలో కొందరు వైద్యులు పన్నెండుమంది పిల్లల్లో ఇలా గడియారం పెట్టినట్టు వచ్చే జ్వరాన్ని, నోటిపూతను, గొంతు వాపును వర్ణించారు. దానికి ఇప్పుడు పిఎఫ్ఎపిఎ అని పేరు. ఆ అక్షరాలు కేవలం లక్షణాల తొలి అక్షరాలు. దేనివల్ల వస్తుందో ఇంకా పూర్తిగా తేలలేదు. ఎదిగేకొద్దీ ఎక్కువమందికి తగ్గిపోతుంది. మా పాపకు ఆరు నిండాక తగ్గింది. పేరు పెట్టడం వేరు, కారణం చెప్పడం వేరు. ఈ పేరు ఆ తేడాను దాచలేదు, ‘‘ఇవి లక్షణాలు, ఇంతవరకే తెలుసు’’ అని ఒప్పుకుంటోంది. శకుని ఆ మాట ఒప్పుకోదు.

ఇంతవరకూ చెప్పింది మధ్యతరగతి ఇంటి కథ. నలుగురు డాక్టర్లను మార్చగల స్తోమత ఉన్నవాడి కథ. ‘తెలియదు’ అనే మాట ఒక డాక్టరు నోట వచ్చినప్పుడు దాని నైతికత వేరు, ఒక ప్రభుత్వం నోట, ఒక కంపెనీ నోట వచ్చినప్పుడు వేరు.

2020 డిసెంబరు మొదటివారంలో ఏలూరులో, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా ముఖ్యపట్టణంలో, నిలబడ్డ మనుషులు నిలబడ్డట్టే పడిపోయారు. మూడు నుంచి అయిదు నిమిషాలు ఫిట్స్, నురగ, తర్వాత మతిమరుపు, వాంతులు, తలనొప్పి. ఒకటో పట్టణంలో దక్షిణపు వీధి వైపు మొదలైంది. కొద్దిరోజుల్లో ఆరువందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు. పిల్లలు కూడా వారిలో ఉన్నారు. ఒకరు చనిపోయారు. కరోనా కాదని తేలింది. ఒకరినుంచి ఒకరికి అంటుకునేది కాదనీ తేలింది. చాలామంది కొన్ని గంటల్లోనే లేచి కూర్చున్నారు. ఏలూరు నీళ్లు తాగేది కృష్ణ కాలువ నుంచీ గోదావరి కాలువ నుంచీ. ఆ నీళ్లను అనుమానించారు. పాలను, కూరగాయలను, బ్లీచింగు పొడిని అనుమానించారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నది. డిసెంబరు 16 నాటికి నిపుణులు పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణం కావచ్చునన్నారు. అవి ఏ దారిన మనిషి ఒంట్లోకి వచ్చాయనేది చేతికి చిక్కలేదు.

ఈ ‘కావచ్చు’ను నేను తప్పుపట్టను. శాస్త్రజ్ఞులు తమకు తెలిసినంతే చెప్పారు. కాని ఆస్పత్రి నుంచి బిడ్డను ఎత్తుకుని ఇంటికి వచ్చిన తల్లి మర్నాడు ఆ బిడ్డకు ఏ నీళ్లు పట్టాలి, ఏ కూర పెట్టాలి? ఆమె అడుగుతున్నది తత్వశాస్త్రం కాదు. కాటన్ దొర ఆనకట్ట కట్టిన నాటినుంచి ఈ డెల్టా నీళ్లను నమ్ముకుని బతుకుతోంది. ఆ కాలువలు పారే నేల మీద మూడు తరాలుగా పురుగుమందులు చల్లుతున్నాం. రోగులు కోలుకోగానే పత్రికలు వెళ్లిపోయాయి. రోగం తగ్గడంతో ప్రశ్న కూడా తగ్గిపోయింది. మా పాప జ్వరం పోయిన రోజున నేను అడగడం మానేసిన తీరుకూ దీనికీ భేదం లేదు. తగ్గిపోయే రోగానికి ఇదొక ప్రమాదం. అది తనను తాను చెరిపేసుకుంటుంది.

తెలిసికూడా తెలియదన్న వాళ్ల సంగతి వేరే ఉంది. జపానులో మినమతా అనే ఊరు. 1956 ఏప్రిల్లో ఆరేళ్లు నిండని ఒక పిల్ల నడక తడబడి, మాట తడబడి ఆసుపత్రికి వచ్చింది. ఆ ఆసుపత్రి చిస్సో అనే రసాయనాల కంపెనీది. మే 1న అక్కడి డాక్టరు హొసొకావా, అంతుపట్టని వ్యాధి అని అధికారులకు తెలియజేశాడు. అంతుపట్టనిది కనక అంటువ్యాధి అని భయపడి ఇరుగుపొరుగు ఆ కుటుంబాలను వెలివేసినంత పని చేశారు. 1959లో హొసొకావాయే ఫ్యాక్టరీ మురుగును ఒక పిల్లి తిండిలో కలిపి పెట్టాడు. పిల్లికి అదే రోగం వచ్చింది. కంపెనీ ఆ సంగతి బయటికి రానివ్వలేదు. ఆ మురుగులోని పాదరసమే కారణమని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968 సెప్టెంబరులో. ఆ తొమ్మిదేళ్లూ మినమతా తల్లులకు వినిపించిన ‘తెలియదు’, మా డాక్టరమ్మ చెప్పిన ‘తెలియదు’ ఒకే మాట ఎలా అవుతాయి? ఒకటి తలుపు తెరిచింది, ఒకటి మూసి తాళం వేసింది.

ఇక మన మన్యానికి వద్దాం. రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో కోయ, కొండరెడ్డి గూడేలున్నాయి. బిడ్డ పుట్టిన ఆరు నెలలు బాగానే ఉంటుంది. తర్వాత చేతులు, పాదాలు వాస్తాయి, ఒళ్లు పట్టుకోనివ్వకుండా ఏడుస్తుంది. కళ్లు పచ్చబడతాయి. తగ్గుతుంది. మళ్లీ వస్తుంది. ఎవరో చేతబడి చేశారంటారు. అందరికీ కాకపోయినా కొందరు పిల్లలకు అది సికిల్‌సెల్ వ్యాధి. దాన్ని 1910లో హెరిక్ అనే షికాగో డాక్టరు తొలిసారి వర్ణించాడు. 1949లో పౌలింగు అది రక్తవర్ణకపు అణువులోని దోషమన్నాడు. 1956లో ఇన్‌గ్రాం ఆ అణువులో తేడా ఎక్కడుందో వెతికి పట్టుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు ఆలిసన్ ఇంకొక వింత కనుక్కున్నాడు. ఈ లక్షణం తల్లిదండ్రుల్లో ఒకరినుంచి మాత్రమే వస్తే మనిషికి రోగం రాదు, పైగా మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. ఇద్దరినుంచీ వస్తేనే రోగం; ఇద్దరికీ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక పాలు ప్రమాదం.

అంటే మన్యపు జ్వరంతో వేల ఏళ్లు పోరాడి బతికిన పూర్వుల ఆయుధమే ఈ బిడ్డ ఒంట్లో నొప్పిగా మారింది. ‘నా బిడ్డకే ఎందుకు’ అనే ప్రశ్నకు నేను విన్నవాటిలో ఇంతకంటే నిజమైన జవాబు లేదు. ఇందులో పాపం లేదు, శాపం లేదు, తల్లి తప్పు అసలే లేదు. మందులూ లేకపోలేదు, పసితనంలో పెన్సిలిన్ అంటురోగాల నుంచి కాపాడుతుంది, హైడ్రాక్సీయూరియా నొప్పులను తగ్గిస్తుంది. రెండూ గొప్ప ఖరీదైనవి కావు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. నలభై ఏళ్ల లోపు వారు ఏడు కోట్లమందికి పరీక్షలు చేస్తామన్నది, 2047కు గడువు పెట్టింది. మంచిదే. హెరిక్ వర్ణనకు నూట పదమూడేళ్ల తర్వాత.

ఈ ఆలస్యాన్ని ‘తెలియకపోవడం’ అనడానికి వీల్లేదు. పుస్తకాలకు తెలుసు, ప్రయోగశాలకు తెలుసు, వైద్య కళాశాలలో పాఠం చెప్పేవారికి తెలుసు. గూడెంలో తల్లికి మాత్రమే తెలియదు. ఇప్పుడు పరీక్ష చేసి చేతికి కార్డు ఇస్తున్నారు. సరే. అంతకు ముందే ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుని, చేతబడి చేసిందని పక్కింటి మనిషితో మాటలు మానేసి, అదీ కాకపోతే తన పాపమేననుకుని ముసలితనానికి వచ్చిన తల్లులున్నారు. వాళ్ల రక్తం పరీక్షించే వయసు దాటిపోయింది. ఏ లెక్కలోనూ వాళ్లు రారు. వాళ్ల గుమ్మం ముందుకు వెళ్లి, అమ్మా, అది నీ తప్పు కాదు అని చెప్పవలసిన ఉద్యోగం ఎవరిది?