ఆకలి మందు వల్ల కలిగితే అపరాధం ఎవరిది?

మితంగా తినడం విశ్వాసి లక్షణం. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మిగతాది శ్వాసకు ఉంచుకోవాలని దైవప్రవక్త (సల్లం) బోధించారు. ఈ హదీసు మనలో చాలామందికి తెలుసు. అయితే ఇదే హదీసును పట్టుకొని, మానసిక వ్యాధికి మందులు వాడుతూ లావెక్కిన సోదరుణ్ణో సోదరినో దెప్పిపొడవడం కూడా మన ఇళ్లలో జరుగుతోంది. "తిండి మీద అదుపు లేదు, నఫ్స్‌కు బానిసైపోయాడు" అనేస్తాం. ఈ మాట న్యాయమైనదేనా?

తీర్పు చెప్పేముందు వాస్తవం తెలుసుకోవడం ఇస్లామీయ న్యాయానికి తొలిమెట్టు. స్కిజోఫ్రినియా, బైపోలార్ వంటి వ్యాధులకు ఇచ్చే మందుల్లో కొన్ని ఆకలిని పెంచుతాయి. ఓలాంజపిన్, క్లోజపిన్ ఇందులో ముందుంటాయి. రిస్పెరిడోన్, క్వెటియాపిన్ వాటి తర్వాత వస్తాయి. అరిపిప్రజోల్‌తో సాధారణంగా బరువు తక్కువ పెరుగుతుంది. మెదడులో హిస్టమిన్, సెరొటోనిన్ సంకేతాలను అందుకొనే కొన్ని చోట్ల ఈ మందులు అడ్డుపడతాయి. అందువల్ల కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా అందదు. అన్నం తిని లేచిన కొద్దిసేపటికే మళ్లీ ఆకలి వేస్తుంది. మొదటి నెలల్లోనే బరువు వేగంగా పెరుగుతుంది. రక్తంలో చక్కెర, కొవ్వు కూడా పెరగవచ్చు.

అల్లాహ్ ఎవరిపైనా వారి శక్తికి మించిన భారం మోపడన్నది అల్ బఖరా సూరాలో మనం చదివే సూత్రం. ఆకలి తీరాక కూడా రుచి కోసం తినేవాడు, ఆకలి తీరిందని తెలియక తినేవాడు ఒకటి కాదు. ఇద్దరి పళ్లెంలో ఉన్నది ఒకటే కావచ్చు, కాని ఇద్దరికీ ఎదురైన పరీక్ష ఒకటి కాదు. పళ్లెం చూసి మనిషి హృదయాన్ని కొలిచేవాడు తనది కాని అధికారాన్ని తీసుకుంటున్నాడు. పైగా ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దని హుజురాత్ సూరా మనల్ని స్పష్టంగా వారించింది.

మరి రోగికి బాధ్యతే లేదా? ఉంది. శరీరానికి కూడా మనపై హక్కుందని దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు. ఆకలి పుట్టడం రోగి చేతిలో లేదు. కాని బరువు పెరుగుతున్న సంగతి డాక్టరుకు చెప్పడం, రోజూ కాసేపు నడవడం చాలావరకు అతని చేతిలోనే ఉన్నాయి. ఇంటికి ఏమి తేవాలి, ఏమి వండాలి అన్నది మన చేతిలో ఉంది. రోగి ముందు బిర్యానీ, మిఠాయిలు, కూల్‌డ్రింకులు పెట్టి, ఆపైన నిగ్రహం గురించి బోధించడం నిగ్రహానికి తోడ్పడటం కాదు. ఇంటిల్లిపాదీ కూరగాయలు, పప్పు ఎక్కువగా, అన్నం తక్కువగా తింటే రోగి ఒంటరి కాడు. దాహానికి తీపి పానీయాల బదులు నీళ్లో మజ్జిగో ఇవ్వవచ్చు. నమాజుకు మస్జిద్‌కు వెళ్లేటప్పుడు అతన్ని వెంట నడిపించుకు వెళ్లవచ్చు. అతను కోల్పోయిన శక్తిలో కొంత భాగాన్ని కుటుంబం భర్తీ చేయాలి.

ఇక్కడ మరో ప్రమాదం ఉంది. లావవుతున్నారని మందు మానేయడం. ముఖ్యంగా పెళ్లి సంబంధాలు చూస్తున్న ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రులే మాత్రలు ఆపించేస్తుంటారు. షరీఅత్ కాపాడదలచిన ఐదింటిని ఇమామ్ గజాలీ వివరించారు: ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, సంపద. నమాజు విధి కావడానికీ, కర్మలకు లెక్క చెప్పడానికీ బుద్ధే ఆధారం. మతి స్థిమితం లేనివాడి కర్మలు అతను కోలుకునేవరకు నమోదు కావని హదీసు చెబుతోంది. అంతటి బుద్ధిని కాపాడుతున్న మందును నలుగురి కళ్లకు భయపడి ఆపడం అమానత్‌ను పోగొట్టుకోవడమే. మందు హఠాత్తుగా ఆగితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

అలాగని 'బుద్ధి బాగుంది కదా, శరీరం ఏమైతేనేం' అనడమూ తప్పే. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు ఇతరులకంటే 10 నుండి 20 ఏళ్లు ముందుగా మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గుండెజబ్బు వంటి శారీరక వ్యాధులు దీనికి పెద్ద కారణం. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యాన్నీ, మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో కలిపి చర్చించారు. ఆ రెంటినీ విడదీయరాదన్న వివేకం మన వారసత్వంలోనే ఉంది.

కాబట్టి డాక్టరును అడగడం మన హక్కు, బాధ్యత కూడా. 2004లో అమెరికా మధుమేహ, మానసిక వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల ప్రకారం మందు మొదలుపెట్టే ముందు బరువు, నడుము కొలత, రక్తపోటు, చక్కెర, కొవ్వు చూడాలి. తర్వాత 4, 8, 12 వారాలకు, ఆపైన మూడు నెలలకోసారి బరువు తూచాలి. మొదటి బరువులో 5 శాతం పెరిగితే మందు మార్చే విషయం ఆలోచించాలి. కొందరికి డాక్టర్లు మెట్‌ఫార్మిన్ కూడా ఇస్తారు. ఇవన్నీ డాక్టరు నిర్ణయించాల్సినవే.

రమజాన్‌లో మరింత జాగ్రత్త అవసరం. రోగికి అల్లాహ్ స్వయంగా మినహాయింపు ఇచ్చాడు. బరువు తగ్గుతుందన్న ఆశతో డాక్టరును అడగకుండా మాత్రల వేళలు మార్చుకోరాదు. పగలంతా పస్తుండి ఇఫ్తార్‌లో సమోసాలు, హలీం, తీపి షర్బత్‌లతో కడుపు నింపితే బరువు తగ్గదు.

ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌ను నమ్ముకోమన్నారు దైవప్రవక్త (సల్లం). మందు వేసుకోవడం, బరువు చూసుకోవడం, పళ్లెం మార్చుకోవడం, నోరు అదుపులో పెట్టుకోవడం, ఇవన్నీ ఒంటెను కట్టడమే. వీటిలో చివరిది రోగి పని కాదు, మనది. రేపు తీర్పుదినాన రోగిని అతని ఆకలి గురించి ఎంత ప్రశ్నిస్తారో అల్లాహ్‌కే తెలుసు. మన మాటల గురించి మాత్రం మనల్ని తప్పక ప్రశ్నిస్తారు. అల్లాహ్ రోగులకు స్వస్థతను, మనకు కరుణను ప్రసాదించుగాక! ఆమీన్.