తెర పక్క గొంతు

జాషువా కొంతకాలం సినిమాకి పనిచేశాడు. ఈ సంగతి తెలుగు పాఠాలు చెప్పేవాళ్ళలోనే చాలామందికి తెలీదు. 1915-16లో, సినిమాకి ఇంకా మాటలు రాని రోజుల్లో, రాజమండ్రిలో తెర మీద బొమ్మలు ఆడుతుంటే కథా, సంభాషణలూ పైకి చదివి వినిపించడం ఆయన ఉద్యోగం. మొహాలు ఎవరివో. గొంతు మాత్రం వినుకొండ మాదిగ తల్లి కొడుకుది. చీకట్లో కదా, అంటు ఎవరికీ గుర్తు రాలేదేమో.

నాటకాల్లోనూ అంతే. హరిశ్చంద్ర కాటిసీనులో జనాన్ని కట్టిపడేసేది ఆయన శ్మశానవాటి పద్యాలు. వన్స్‌మోర్‌లు రాగం తీసినవాడికి.

మరి ఆ మనిషి జీవితమే సినిమా తీస్తే ఎవరు వెయ్యాలి? మనవాడేనా? 2000లో వచ్చిన జబ్బార్ పటేల్ సినిమాలో అంబేడ్కర్‌గా మమ్ముట్టి వేశాడు. ఆయన మనవాడు కాదు. అయినా నాకు పరాయిగా అనిపించలేదు. మన కుర్రాడికి ఆ వేషం దొరికితే సంతోషమే, అదొక బతుకుతెరువు కూడా. కానీ తెల్లటి హీరోకి నల్లరంగు పూశారా లేదా అన్న దగ్గరే మన తగువు ఆగిపోతే, అసలు మోసం పక్కనుంచి జారుకుంటుంది.

మేం వన్ టౌన్‌లో బళ్ళో జాషువా మీద చిన్న నాటిక వేద్దామనుకున్నాం. పెద్ద సీను ఏదంటే అందరూ ఒకటే చెప్పారు: చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి వంగి జాషువా కాలికి గండపెండేరం తొడగడం. కాళేశ్వరరావు మార్కెట్లో ముఠా పని చేసే ఆయన కొడుకొకడు ఉన్నాడు, మా పేటవాడే. గొంతు బావుంటుందని జాషువా వెయ్యమన్నాను.

"నేను చెళ్ళపిళ్ళ వేస్తా సార్" అన్నాడు.

"ఎందుకురా?"

"పంచె బావుంటది. అందరూ ఆయన్నే చూస్తారు. జాషువా ఏం చెయ్యాలి సార్, కాలు పెట్టి నిలబడాలి, అంతేగా?"

సినిమా విమర్శ ఎంతో చదివాను గానీ, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆ సీనులో కెమెరా వంగిన నడుముతోపాటు వంగుతుంది. సంగీతం ఆయన పెద్దమనసుకే. మనమూ ఏడుస్తాం. అంతకుముందు ఆ కాలిని ఏ గడపలు ఆపాయో ఎవరూ అడగరు. కులాన్ని పేదరికం అని సరిపెడతారు, మాదిగ అన్న మాట పలకరు. తల్లి లింగమాంబకి పొయ్యి దగ్గర ఒక కన్నీటి షాటు. మాదిగామె, యాదవుడూ కలిసి ఆ రోజుల్లో కాపురం ఎట్లా చేశారన్నదే ఒక సినిమాకి సరిపోతుంది, ఆ ఊసే ఉండదు.

కులం అన్నిసార్లూ సీనుగా రాదు కూడా. నేను మొదట చేరిన ఊళ్ళో స్టాఫ్ రూములో నా గ్లాసు ఎవరూ విడిగా పెట్టలేదు. నా గ్లాసుతో ఎవరూ తాగలేదు, అంతే. జాషువా 1928 నుంచి 1942 దాకా గుంటూరులో ప్రభుత్వ హైస్కూలు తెలుగు పండితుడు. పద్నాలుగేళ్ళు. ఆ ఏళ్ళని ఏ దర్శకుడు తీస్తాడు? అక్కడ సన్మానాలు ఉండవు మరి.

"ముందు సినిమా రానివ్వండి మాస్టారూ, లెక్కలు తర్వాత" అంటాడు సంఘంలో పనిచేసే మిత్రుడు. ఆయన ఆకలి నాకు తెలుసు. కానీ జాషువా స్వయంగా ఒక కవి జీవితం రాశాడు, 1932లో, ఫిరదౌసి. అందులో కవికి సన్మానం కాదు ముఖ్యం. ఇస్తానన్న కూలి రాజు ఎగ్గొట్టడం. కవి కథ ఎట్లా చెప్పాలో ఆయనే చూపించి పోయాక, మనం కాలు పెట్టి నిలబడే వేషానికి ఎందుకు ఒప్పుకోవాలి?

గండపెండేరం సీను తీసేశాం. బదులు రాజమండ్రి సీను పెట్టాం. తెల్ల దుప్పటి తెర, దాని పక్కన మా వాడు, వాడి మొహం మీదే దీపం. చదవడానికి వాడికిప్పుడు బోలెడు ఉంది. పంచె మాత్రం కావాల్సిందే అన్నాడు. తెచ్చాం.