రెండు మారులు నడిచిన ద్వీపము

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 13:4–13, 15:36–41



గండిపేట, మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతములలో కాలినడకను గూర్చి ఎవరికిని బోధింప నక్కరలేదు. మన పెద్దలు సంతకు, పెండ్లికి, ఆరాధనకు చద్దిమూట కట్టుకొని నడచినవారే. ఇప్పుడు గుమ్మము ముందరికే బస్సు, ఆటో వచ్చుచున్నవి. అయినను వాహనములుండియు కోరి నడుచువారు లోకములో అనేకులు కలరు. మధ్యధరా సముద్రములోని కొండల ద్వీపములలో వీపున సంచి వేసికొని, కూలికి దారి చూపువానిని పెట్టుకొనక, గుర్తులు చూచుకొనుచు దినముల కొలది నడచువారున్నారు. స్పెయిను దేశమునుండి బయలుదేరు ఇ-4 అను పొడవైన కాలిబాట క్రేతు ద్వీపములోనుండి పోయి కుప్ర ద్వీపములో ముగియుచున్నది.

ఆ కుప్ర ద్వీపమునే, నేటి పటములలో సైప్రస్ అని వ్రాసియున్న దానినే, క్రీ.శ. 46–48 ప్రాంతమున ముగ్గురు మనుష్యులు ఒక కొననుండి మరియొక కొనకు దాటిరి. బర్నబా, సౌలు, వారికి ఉపచారము చేయుటకు వెంట వచ్చిన మార్కు అను మారుపేరుగల యోహాను. వారి ప్రయాణమే నేటి మన ధ్యానము.

ఈ ద్వీపము మధ్యధరా సముద్రములోని పెద్ద ద్వీపములలో మూడవది. విస్తీర్ణము 9,251 చదరపు కిలోమీటర్లు. దాని నడుమ త్రోదోసు కొండలు లేచియున్నవి. వాటిలో ఒలింపు శిఖరము 1,952 మీటర్ల ఎత్తు. చలికాలములో మంచు దానిని కప్పును. మన తెలుగు నేలపై మిక్కిలి ఎత్తయిన కొండలును 1,700 మీటర్లకు మించవు. తూర్పు తీరమున సలమీ, పడమటి తీరమున పాఫు. నడుమ దారి రమారమి 150 కిలోమీటర్లు, అనగా హైదరాబాదునుండి వరంగల్లు ఎంతయో అంత. దినమునకు 25 కిలోమీటర్ల చొప్పున ఎక్కడను నిలువక నడచినను ఆరు దినములు పట్టును. ఊరూర ఆగి మాటలాడుచు పోవువారికి ఇంకెన్ని దినములు పట్టునో మీరే లెక్కించుకొనుడి.

మొదటి సంగతి: పంపినవాడు ఆత్మ, నడచినది వారు.

నాలుగవ వచనములో పరిశుద్ధాత్మయే వారిని పంపెనని వ్రాయబడియున్నది. కాని ఆత్మ పంపెను గనుక దారి సులభమాయెనని ఎక్కడను వ్రాయబడలేదు. అరణ్యములో ఇశ్రాయేలీయులకు మేఘస్తంభమును అగ్నిస్తంభమును ముందు నడచినవి; వీరికి అట్టివి కనబడినట్లు లూకా చెప్పలేదు. ఎనిమిదవ అధ్యాయములో ప్రభువు ఆత్మ ఫిలిప్పును కొనిపోగా అతడు అజోతులో కనబడెను. అదే ఆత్మ వీరిని ఎత్తుకొనిపోలేదు, వీరి కాళ్లతోనే నడిపించెను. ఆ శక్తి తక్కువై కాదు. కొందరిని దేవుడు క్షణములో గమ్యము చేర్చును. అనేకులను అడుగు వెంట అడుగు వేయించి చేర్చును. ప్రార్థించితిని గదా, ఇంకను నడువవలెనా అని అడుగు విశ్వాసికి ఈ వచనమే జవాబు.

మరియు దేవుడు వారికి దారి తెలిసినవానినే తోడుగా ఇచ్చెను. బర్నబా కుప్రలో పుట్టిన లేవీయుడు. తనకున్న భూమిని అమ్మి, ఆ వెలను అపొస్తలుల పాదములయొద్ద పెట్టినవాడు. గజముల లెక్కన భూమి అమ్ముడుపోవుచున్న మన ప్రాంతమువారికి ఆ త్యాగము ఎంతటిదో బాగుగా తెలియును. అట్టివాడు ఇప్పుడు పుట్టిన గడ్డకు ఆస్తితో కాక సువార్తతో వచ్చుచున్నాడు.

రెండవ సంగతి: గ్రంథములో ఒక్క మాట, కాళ్లకు ఎన్నో దినములు.

సలమీలో వారు యూదుల సమాజమందిరములలో బోధించిరని లూకా వ్రాసెను. పాఫులో గారడీవాడైన ఎలుమ గ్రుడ్డివాడైన సంగతియు, అధిపతియైన సెర్గి పౌలు విశ్వసించిన సంగతియు వివరముగా వ్రాసెను. ఆ రెండింటి నడుమనున్న దూరమంతటికి ఒక్క మాటయే ఇచ్చెను: ద్వీపమంతయు తిరిగిరి అని. ఏ గ్రామమున ఎవరు నీళ్లిచ్చిరి? ఏ ఇంట పండుకొనిరి? ఎవరు విని నవ్విరి, ఎవరు విని ఏడ్చిరి? ఒక్కటియు వ్రాయబడలేదు. అయినను ఆ నడక లేకుండ సలమీనుండి పాఫు రాదు.

మన గండిపేట చెరువును చూడుడి. 1908లో మూసీ వరద హైదరాబాదు నగరమును ముంచిన పిమ్మట ఆ నదికి కట్ట వేసి 1920లో ఈ చెరువును నిర్మించిరి. దానికి ఉస్మాన్ సాగర్ అని పేరు పెట్టిరి. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలలో మూసీ పుట్టుననియు, దాని నీరు ఇక్కడ నిలుచుననియు అందరికి తెలియును. కాని కొండకును కట్టకును నడుమ ఎన్ని వాగులు, ఎన్ని చేల గట్ల వెంబడి పారు సన్నని కాలువలు వచ్చి కలియుచున్నవి! వాటి పేర్లు ఏ రాతిమీదను చెక్కబడలేదు. అవి ఎండిన యేట కట్ట ఎంత గట్టిదైనను చెరువు నిండదు.

సంఘము కూడ అట్టిదే. పండుగ ఆరాధన, ప్రతిష్ఠ దినము, పెద్ద కూటము అందరికి జ్ఞాపకముండును. వర్షములో దీపము పట్టుకొని రోగి ఇంటికి పోయిన తల్లిని ఎవరును వ్రాసి పెట్టరు. పది మంది పిల్లలకు యేండ్ల తరబడి ఆదివారపు పాఠము చెప్పిన అన్నను ఎవరును సన్మానింపరు. సహోదరీ, నీ పని ఆ ఒక్క మాటలో దాగియున్నది. మనుష్యులు చదువకపోయినను, పంపినవాడు ప్రతి అడుగును ఎరిగియున్నాడు.

ఇక్కడ మరియొకటి గమనించుడి. ద్వీపములో అడుగు పెట్టినప్పుడు “బర్నబాయు సౌలును” అను వరుస. పాఫు విడిచినప్పుడు పౌలు పేరే ముందు వచ్చినది. బర్నబా తన సొంత ద్వీపములోనే రెండవవాడాయెను. దానికై అతడు అలిగి నిలిచిపోయెనని ఎక్కడను లేదు. చీటీలో తమ పేరు క్రిందికి దిగినందుకు ఆరాధన మానుకొను పెద్దలు ఈ బర్నబాను చూచి నేర్చుకొందురు గాక.

మూడవ సంగతి: తిరిగిపోయినవానితో మరల ప్రయాణము.

పాఫునుండి ఓడ ఎక్కి పెర్గేకు చేరిన వెంటనే మార్కు వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. ఎందుకు? అలసెనా, భయపడెనా, తల్లి జ్ఞాపకము వచ్చెనా? లూకా కారణము వ్రాయలేదు. ప్రియులారా, లూకా వ్రాయని కారణమును మనము వ్రాయవద్దు. మన ఊళ్లలో ఒకడు రెండు ఆదివారములు గుడికి రాకపోయిన యెడల, వానిని అడుగకమునుపే బావియొద్దను, హోటలు బల్లయొద్దను కారణము సిద్ధమగుచున్నది.

కొన్ని సంవత్సరముల తరువాత, బోధించిన పట్టణములకు మరల పోయి సహోదరులను చూతమని పౌలు చెప్పెను. బర్నబా మార్కును వెంటబెట్టుకొన గోరెను, పౌలు ఒప్పుకొనలేదు. పౌలు మాటలో న్యాయము లేకపోలేదు; నడిదారిలో విడిచిపోవువాడు తోటివారికి బరువే. వారి వాదము తీవ్రమై ఇద్దరును వేరైరి. అప్పుడు బర్నబా మార్కును వెంటబెట్టుకొని ఎక్కడికి పోయెను? మరల కుప్రకే. మొదట కలిసి నడచిన ఆ నేలమీదికే అతనిని తీసికొనిపోయెను.

కొండదారిలో గుంపుగా నడచువారికి ఒక నియమము కలదు: అందరికంటె మెల్లగా నడుచువాని అడుగే గుంపు అడుగు. వానిని విడిచి ముందుకు పోయినవారు త్వరగా చేరుదురు గాని, లెక్కకు ఒకడు తక్కువగా చేరుదురు. బర్నబా ఆ ఒకని నిమిత్తము తన అడుగు తగ్గించుకొనెను. దాని ఫలము చూడుడి. ఆ పౌలే తన అంత్యదినములలో మార్కును తోడుకొని రమ్మనియు, అతడు పరిచర్యకు ప్రయోజనకరుడనియు తిమోతికి వ్రాసెను. మన చేతిలోని రెండవ సువార్త ఆ మార్కు పేరుతోనే యున్నది.

నేటి కుప్రను గూర్చి ఒక మాట వినుడి. 1974లో ఆ ద్వీపము రెండుగా చీలెను. సలమీ శిథిలములు ఒక వైపున, పాఫు మరియొక వైపున నిలిచినవి. 2003లో దాటు ద్వారములు తెరచువరకు, అపొస్తలులు నడచిన ఆ దారిని ద్వీపవాసులు స్వేచ్ఛగా నడువలేకపోయిరి. కొండలు అడ్డగింపని దారిని మనుష్యులు అడ్డగించిరి. మన సంఘములలోను అట్టి గీతలు లేవా? పెండ్లిలో మర్యాద తక్కువైనదని ఒక ఇల్లు, అప్పు తీర్చలేక ముఖము చూపలేక ఒకడు, త్రాగుడుకు లోబడి సిగ్గుతో ఒకడు, నగరమునకు కూలికి పోయి అక్కడనే మరచిపోబడిన యువకుడు ఒకడు. వీరందరు ఒకప్పుడు మనతో నడచినవారే.

కాబట్టి ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక పని చేయవలెనని ప్రభువు పేరట బ్రతిమాలుచున్నాను. మీ ఇంటినుండి నడచిపోగలంత దూరములో, సంఘమునుండి తొలగిపోయిన ఒకరిని తలంచుకొనుడి. ఫోనులో పిలువక, సాయంకాలమున నడచి పొండి. ఎందుకు రాలేదని అడుగవద్దు. వారి అరుగుమీద కూర్చుండి, వారిచ్చిన నీళ్లు త్రాగి, వారు చెప్పునది వినుడి. వచ్చు ఆదివారము వారు రాకపోయిన యెడల మరల పొండి. బర్నబాయు ఆ ద్వీపమునకు రెండవ మారు పోయెను గదా.

ప్రార్థన: మమ్మును వెదకుచు ఎంతో దూరము నడచి వచ్చిన ప్రభువా, ఎవరును వ్రాయని దారులలో నమ్మకముగా నడచు కృప మాకిమ్ము. నడిదారిలో నిలిచిపోయిన మా సహోదరులయొద్దకు మా పాదములను త్రిప్పుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.