ఓడలో ఏ గది?



గత నెల మొదటి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, మా సంఘములో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు వేపచెట్టు క్రింద నన్ను ఆపి తన సెల్‌ఫోను నా చేతిలో పెట్టెను. అందులో ఒక గది బొమ్మ యుండెను. తెల్లని పరుపు, సోఫా, అద్దపు తలుపు, దాని అవతల నీలి సముద్రము.

"ఇది లాడ్జి కాదయ్యా, ఓడలో గది. సూటు అంటారంట. మా పెద్దోడు పంపినాడు. మద్రాసులో ఎక్కి సముద్రంమీద తిరిగి మళ్లీ అక్కడే దిగేదంట. ఇంత దుడ్డు ఒక గదికి పెట్టొచ్చునా? మీరొక మాట చెప్తే వాడు వింటాడు" అనెను.

ఇది ధనవంతుల గొడవ, మనకేల అని నేను మొదట అనుకొంటిని. ఇంటికి పోవు దారిలో ఆ తలంపు నిలువలేదు. మన పల్లెల బిడ్డలు నేడు బెంగుళూరులోను, హైదరాబాదులోను, కువైటులోను పని చేయుచున్నారు. తాము చూచినది తలిదండ్రులకు చూపవలెనని వారికి కోరిక పుట్టుచున్నది. తిరుపతినుండి చెన్నపట్టణము రేవునకు మూడు నాలుగు గంటల ప్రయాణము. 2022 జూన్ 4వ తేదీన కార్డీలియా కంపెనీవారి ఎంప్రెస్ అను విహార ఓడ చెన్నపట్టణమునుండి బయలుదేరినప్పుడు తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలినుగారు జెండా ఊపి సాగనంపిరి. ఆ నెలలోనే అది విశాఖపట్టణపు రేవునకును వచ్చెను. 1990లో కట్టబడి, అమెరికా దిక్కున వేరు పేర్లతో తిరిగిన పాత ఓడయే అది. కాబట్టి ఈ ప్రశ్న మన గుమ్మము దగ్గరకు వచ్చినదే.

మొదట సంగతి తెలిసికొందము. ఇట్టి ఓడలలో గదులు నాలుగు రకములని చెప్పవచ్చును. కిటికీ లేని లోపలి గది ఒకటి. తెరువరాని అద్దపు కిటికీ గలది రెండవది. బాల్కనీ గలది మూడవది. అన్నిటికంటె విశాలమైనది సూటు. కేవు గదికి కాదు, మనిషికి లెక్కింతురు; ఒక గదిలో ఇద్దరుందురని ఎంచి ధర చెప్పుదురు. గోడకు మడిచిన పై పరుపులమీద పండుకొను మూడవ, నాల్గవవారికి సాధారణముగా తక్కువ పడును.

లోపలి గదికి మనిషికి 100 రూపాయలనుకొందము, పై పరుపునకు 50 అనుకొందము. నలుగురు ఒక గదిలో సర్దుకొనిన 300. సూటునకు మనిషికి 300 అయితే మొదటి ఇద్దరికే 600 అగును. పిల్లలిద్దరికి మరి 100 చేర్చిన 700. మన ఉపాధ్యాయుని కుటుంబములో ఆరుగురు: ముసలి దంపతులు, కుమారుడు, కోడలు, తొమ్మిదేండ్ల పిల్ల, ఐదేండ్ల పిల్లవాడు. పెద్దవారికి లోపలి గది 200. రెండును లోపలి గదులే తీసికొనిన మొత్తము 500. కుమారుడు సూటు తీసికొనిన 900. ఇవి నేను కల్పించిన అంకెలేగాని, లెక్క నడుచు తీరు ఇదే. రెండు మామూలు గదులకు రెండు స్నానపు గదులుండును. సూటు ఎంత పెద్దదైనను తరచుగా ఒక్కటే యుండును. తెల్లవారి ఆరుగురు ఒకేసారి లేచు ఇంటివారికి ఇది చిన్న సంగతి కాదు.

మిగిలిన వ్యత్యాసమేమి? సూటువారిని ఓడలోనికి ముందుగా ఎక్కింతురు, కొన్ని ఓడలలో వేరు భోజనశాల కూడ ఉండును. అయితే పెద్ద భోజనశాల, మీది డెక్కు, ఈతతొట్టి, సాయంకాలపు ఆటపాటలు అందరికిని కలవు. సముద్రము అందరిదే. వాంతులు కూడ అందరివే! ఈ విషయములో సూటువారికి కొంచెము ఎక్కువ పాలు రావచ్చును. మన పొలాలలో ఏతము తొక్కినవారికి ఇది సులువుగా తెలియును. నడుమ నిలిచినవానికి ఊపు తక్కువ, కొనకు పోయినకొలది ఎక్కువ. ఓడ కూడ అంతే. క్రింది అంతస్తున నడిమి గదులలో కదలిక తక్కువ. సూటులు ఎక్కువగా పై అంతస్తులలోనే కట్టుదురు.

ఒకప్పుడు ఓడలో స్థలమనునది ఇంత తేలిక సంగతి కాదు. 1860లో ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి 342 మంది కూలివారిని దక్షిణాఫ్రికాలోని నాటాలునకు చేర్చెను. మన చిత్తూరు ప్రాంతము అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండెను. ఆ జిల్లానుండి ఆ తరువాతి సంవత్సరములలో అనేకులు ఆ దారినే పోయిరి. 1903లో నెల్లూరినుండి జాన్ రంగయ్యగారు వారి మధ్య కాపరిగా పనిచేయుటకు సముద్రము దాటిరి. 1926లో కట్టిన రజూలా అను ఓడ దాదాపు అర్ధ శతాబ్దము చెన్నపట్టణమునకును మలయా, సింగపూరులకును నడుమ తిరిగెను. అందులో వేలకొలది మంది డెక్కుమీదనే చాప పరచి, ట్రంకుపెట్టె తలక్రింద పెట్టుకొని ప్రయాణము చేసిరి. వారిలో ఎవరును ఏ గది మేలని ఆలోచించి యుండరు.

గది భేదము ప్రాణభేదమైన రోజు కూడ ఉన్నది. 1912లో టైటానిక్ మునిగినప్పుడు దానిలో 2200 మందికి పైగా ఉండగా, రక్షణ పడవలు 1178 మందికే సరిపోవునవి. మొదటి తరగతివారిలో నూటికి అరువదిమంది బ్రదికిరి; మూడవ తరగతివారిలో నూటికి ఇరువదియైదుగురు. మూడవ తరగతి పిల్లలలో మూడింట రెండు వంతులకు దగ్గరగా నశించిరి. కేవు తక్కువ ఇచ్చినందుకు బిడ్డ మునుగుట! అటుపిమ్మట 1914లో లండనులో దేశములు కూడి కట్టడలు చేసెను. ఇప్పుడు ఓడలోని ప్రతివానికిని రక్షణ పడవలోగాని రక్షణ తెప్పలోగాని చోటుండవలెను, ప్రతివానికిని తేలు చొక్కా ఉండవలెను, బయలుదేరునప్పుడు అపాయకాలపు అభ్యాసము సూటువాడును లోపలి గదివాడును కలిసి చేయవలెను. కనుక నేడు సూటునకు ఇచ్చు అధిక ధనము ప్రాణమునకు కాదు, సౌఖ్యమునకు మాత్రమే. ఇది తెలిసికొన్న పిమ్మటనే మన ప్రశ్న తేటపడును.

సౌఖ్యము పాపమా? నేను అట్లు చెప్పజాలను. గాలివానలో మన ప్రభువు దోనె అమరమున తలగడమీద నిద్రించుచుండెనని మార్కు వ్రాసెను. ఆ తలగడను ఎవరు ఇచ్చిరో వ్రాయలేదుగాని, దానిని ఆయన త్రోసివేయలేదు. యోనా కేవు చెల్లించి ఓడ దిగువభాగమునకు పోయి గాఢనిద్ర పోయెను. తక్కువ చోట పండుకొన్నందున వాని ప్రయాణము నీతిగల ప్రయాణము కాలేదు. గదిని చూచి మనిషిని తూచలేము.

మూడువందల దేనారముల అత్తరు సంగతి మీకు జ్ఞాపకమే. కూలివానికి దినమునకు ఒక దేనారమైన కాలమున అది ఒక సంవత్సరపు కూలి. దానిని అమ్మి బీదలకు ఇయ్యవచ్చును గదా అన్నవారు గద్దింపు పొందిరి. కనుక ఖరీదైన ప్రేమను చూచి వెంటనే సణుగుటకు నాకు భయము. అయితే ఆ స్త్రీ అత్తరును తన తలమీద పోసికొనలేదు, మరియొకరి తలమీద పోసెను. నేను ఉపాధ్యాయుని ఈ మాటయే అడిగితిని: "సూటులో పండుకొనేది ఎవరు?"

ఆయన కొంచెము సేపు మాటాడలేదు. "వాళ్లు నలుగురూ. పిల్లోళ్లకి ఆడుకోడానికి చోటు కావాల గదా. మాకు లోపలి గది చాలని నేనే చెప్పినా" అనెను.

నేనే చెప్పితిననుట మన తండ్రులందరు చెప్పు మాట. పెండ్లి విడిదిలో చూడుడి. మంచమున్న గది ఒకటే యుండును. మోకాళ్ల నొప్పిగల పెద్దమ్మ "నాకు వసారా చాలు, గాలి వస్తాది" అనును. ఆ మాటను నమ్మి మంచముమీద పండుకొను పడుచువాడును కలడు. నమ్మనట్లు నటించి ఆమె పరుపును లోపలికి మోయువాడును కలడు. ఇద్దరికిని ఆమె చెప్పిన మాట ఒక్కటే.

కోడలి పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. చంటిబిడ్డ గల తల్లికి, మధ్యాహ్నము నిద్రపోవలసిన పిల్లవానికి, విశాలమైన గది నిజముగా ఉపకారమే. బిడ్డ పండుకొనినప్పుడు తల్లి బాల్కనీలో కూర్చుండవచ్చును. లోపలి గదిలోనైతే దీపమార్పి చీకటిలో కూర్చుండవలెను. ఐదేండ్ల పిల్లవానికి మాత్రము బాల్కనీ కమ్మీయే భయము. వానిని కాచుచు తల్లి సముద్రమును చూడనే చూడదు. ఆ వయస్సు పిల్లలు మెలకువగా నున్నంతసేపు గదిలో నిలువరు, ఓడంతయు తిరుగుదురు. నిద్రకు మాత్రము వచ్చువారికి అంత గది ఏల? అప్పుచేసి నెలనెలకు వాయిదాలు కట్టుచు ఇట్టి గది తీసికొనుటకైతే నేను బొత్తిగా ఒప్పుకొనను. దిగివచ్చిన పిమ్మట పండ్రెండు నెలలు ఆ ఓడ ఇంటిలోనే తిరుగుచుండును.

ఇంకొక సంగతిని ఆయన పోవునప్పుడు, వెనుకకు తిరిగి, చెప్పెను. ఈ కుమారుడు ఇంజనీరింగు చదువునప్పుడు ఒక సంవత్సరము ఫీజు కట్టుటకు చిన్నాన్న తన రెండు పాడి ఆవులలో ఒకదానిని అమ్మెను. ఆ రూకలు తిరిగి ఇచ్చివేసిరి. ఇప్పుడు ఆ చిన్నాన్న బోరు ఎండిపోయినది, టమాటా మడి వాడినది. ఆయన ఏమియు అడుగలేదు. "వాడు అడగడు. అదే నాకు కష్టంగా ఉంది" అని ఉపాధ్యాయుడు కండ్లజోడు తుడుచుకొనెను.

ఇక్కడ నేను తొందరపడి, సూటు మాని ఆ ధనము చిన్నాన్నకు ఇమ్ము అని చెప్పి యుండవచ్చును. అట్లు చెప్పుట సులువు. సూటు మానినంత మాత్రమున ఆ రూకలు నడుచుకొని చిన్నాన్న పొలమునకు పోవు. అవి బెంగుళూరులో మరియొక వస్తువు కొనును. అత్తరునుగూర్చి సణిగినవారిలో సంచి మోయువాడు ఒకడుండెను. బీదలమీద వానికి అక్కర లేదని యోహాను స్పష్టముగా వ్రాసెను. బీదవాని పేరు చెప్పి ఒకని సంతోషమును ఆపి, తరువాత బీదవానిని మరచుట రెండింతల నష్టము. చిన్నాన్నకు ఇయ్యవలసినది, సూటు తీసికొన్నను తీసికొనకపోయినను ఇయ్యవలసినదే. అది మిగులు లెక్క కాదు, మొదటి లెక్క. అది వేరుగా పెట్టిన పిమ్మట మిగిలిన దానితో ఏ గది వచ్చునో ఆ గదిలో నిశ్చింతగా పండుకొనవచ్చును. పక్కకు పెట్టక మునుపు లోపలి గది కూడ ఖరీదైనదే. ఇంతవరకు ఆయనతో చెప్పితిని. మిక్కిలి కఠినముగా చెప్పితినేమోనని ఆ రాత్రి నాకు నిద్ర సరిగా రాలేదు.

రెండు వారములకు కుమారుడు ఊరికి వచ్చెను. మంచివాడే, పొరపాటున మంచివాడు కాదు, నిజముగా మంచివాడు. తల్లి పెరటిలో చింతపండు గింజలు తీయుచుండగా వాడు ప్రక్కన కూర్చుండి సెల్‌ఫోనులో గదుల బొమ్మలు ఒక్కొక్కటిగా చూపెను. ఆమె అన్నిటిని చూచి, "స్నానాల గదికి గడప ఎంత ఎత్తురా?" అని అడిగెను.

వానికి తెలియదు. ఇన్ని వారములు ధర చూచెను, కిటికీ చూచెను, ఎన్నవ అంతస్తో చూచెను; గడప చూడలేదు. ఓడలలో నీరు బయటికి రాకుండ స్నానపు గది వాకిట మెట్టువంటి గడప పెట్టుట వాడుక. సూటులోనైనను అది ఉండవచ్చును. మోకాలు మడవని మనిషి రాత్రి మూడుసార్లు లేచి, ఊగుచున్న నేలమీద దానిని దాటవలెను. నడువలేనివారి కొరకు గడప లేకుండ, పట్టుకొను కమ్మీలతో, వెడల్పు వాకిలితో కట్టిన గదులు కొద్దిగా ఉండును. అవి అడిగినవారికే దొరకును, ముందుగా అడుగవలెను.

కుమారుడు అక్కడనే కూర్చుండి కంపెనీకి ఫోను చేసెను. చాలసేపు పట్టెను. తుదకు తలిదండ్రులకు కిటికీగల, గడపలేని గది ఒకటి, తమ నలుగురికి లోపలి గది ఒకటి నిశ్చయించెను. తొమ్మిదేండ్ల పిల్ల అవ్వ దగ్గరనే పండుకొందునని పట్టు పట్టినది. దానికి అదనముగా ఏమి పడునో ఇంకను తెలియలేదట. చిన్నాన్న పొలమునకు ఆ సాయంకాలమే తండ్రి కొడుకులు కలిసి నడిచిపోయిరని విన్నాను. అక్కడ ఏమి మాటాడుకొనిరో నేను అడుగలేదు.

తల్లి మరియొక ప్రశ్న కూడ అడిగినదట, రాత్రి ఓడలో చిన్న దీపము ఆర్పక ఉంచుకొననిత్తురా అని. ఉంచుకోవచ్చునమ్మా అని వాడు చెప్పెను.