ఊహా యుద్ధాలలో ఔచిత్యం

2025 సంక్రాంతి సెలవులకు ముందు సంగతి. మోర్తాడ్‌లో మా తరగతికి శ్రీకృష్ణ రాయబారం పాఠం ముగించి బయటకు వచ్చాను. వరండా మెట్లమీద ముగ్గురు విద్యార్థులు ఫోన్లలో తలలు దూర్చి యుద్ధం చేస్తున్నారు. ఆ ఆట పేరు ‘ఇండస్’. పుణేలోని సూపర్‌గేమింగ్ సంస్థ తయారుచేసి 2024 అక్టోబరులో విడుదల చేసింది. విర్లోక్ అనే మరో లోకం, అక్కడ కాస్మియం అనే అరుదైన ఖనిజం, దానికోసం దిగిన యోధులు, ఇదీ దాని కథ.

“ఎందుకురా కొట్టుకుంటున్నరు?” అని అడిగాను.

“కాస్మియం కోసం సార్.”

“దొరికినంక?”

“దొరికినంక ఏముంటది సార్, ఆట అయిపోతది.”

వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. కాని ఆ జవాబు నన్ను వదలలేదు. అప్పుడే చెప్పివచ్చిన ఉద్యోగపర్వంలో ఒక యుద్ధం మొదలు కాకముందే అది ఎందుకు, ఎంతవరకు, ఆ తర్వాత ఏమిటి అని ఇరుపక్షాలూ రోజుల తరబడి వాదించుకుంటాయి. ఇక్కడ ఆ ప్రశ్నలకు చోటే లేదు. ఊహాలోకంలో జరిగే యుద్ధానికి నమ్మదగిన లక్ష్యం, ఆ లక్ష్యానికి తగిన వ్యూహం ఉండాలని కోరడం న్యాయమేనా? ఇది కేవలం శిల్పానికి సంబంధించిన ప్రశ్నా, నీతికి సంబంధించిన ప్రశ్న కూడానా? రెండూ ఒకటేనని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

కల్పనకు హేతువు అక్కర్లేదని కొందరంటారు. ఈ మాట మన అలంకారశాస్త్రమూ ఒప్పుకోదు, గ్రీకుల శాస్త్రమూ ఒప్పుకోదు. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు క్షేమేంద్రుడు. నమ్మలేని సంభవం కంటె నమ్మదగిన అసంభవమే కావ్యానికి మేలన్నాడు అరిస్టాటిల్. అంటే మూలకల్పన ఎంత వింతదైనా ఫరవాలేదు. పుష్పకవిమానం ఎగరవచ్చు, మరో గ్రహంమీద మనుషులు ఉండవచ్చు. కాని ఆ లోకంలో నిలబెట్టిన మనిషి మనిషిలాగే కోరాలి, భయపడాలి, లెక్క చూసుకోవాలి. యుద్ధం పిడుగువంటిది కాదు, ఒక నిర్ణయం. ఒకడు నిర్ణయిస్తాడు, మరొకడు ఖర్చు భరిస్తాడు, వేరొకడు చస్తాడు. కాబట్టి కథలోని ఏ యుద్ధాన్నైనా మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఏమి కావాలి? ఈ దారిన పోతే అది దొరుకుతుందా? ఎక్కడ ఆపుతారు?

తిక్కన ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పిన కవి. ఆయన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. రాజుకోసం ఓరుగల్లుకు వెళ్లి గణపతిదేవుని సహాయం అర్థించాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతున్నది. రాయబారమంటే ఏమిటో ఎరిగినవాడు రాసిన ఉద్యోగపర్వం అది. అర్ధరాజ్యంతో మొదలైన కోరిక అయిదు ఊళ్లకు దిగివస్తుంది. భీమునంతటివాడు సంధి మాట పలుకుతాడు. ద్రౌపది తన జుట్టు చూపి నిలదీస్తుంది. ఒకే పక్షంలో భూమి కావాలనేవారు, పరువు కావాలనేవారు, చుట్టాల చావు వద్దనేవారు ఉన్నారు. యుద్ధం వచ్చేసరికి అది తప్పించుకోగలిగినదని పాఠకునికి తెలుసు. విషాదానికి మూలం అదే. సంధిలోనూ యుద్ధంలోనూ లాభం సమానమైతే సంధినే ఎంచుకోమన్న కౌటిల్యుడు అందుకు చెప్పిన కారణాలలో క్షయం, వ్యయంతోపాటు ప్రవాసం కూడా ఒకటి. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు విర్లోక్‌కు వద్దాం. ఆటలోని యోధులు ఒక నక్షత్రాంతర వ్యాపార కూటమి తరఫున ఖనిజం వెతకడానికి వచ్చినవారు. లక్ష్యం నమ్మదగినదే. ఖనిజాలకోసం యుద్ధాలు జరగడం మనకు కొత్త కాదు. వ్యూహం దగ్గర కథ చెడుతున్నది. ఖనిజం కావలసినవాడికి గని కావాలి, కూలీ కావాలి, తోవ కావాలి, ఆ తోవలో శాంతి కావాలి. అందుకు పంపిన మనుషులు ఒకరినొకరు కాల్చుకొని ఒక్కడు మిగిలితే కూటమికి దక్కేదేమిటి? తన పనివాళ్లను తానే చంపుకునే యజమాని ఎక్కడైనా ఉంటాడా?

ఇక్కడ ఆగి ఆలోచించాను. యుద్ధంగా చూస్తే ఇది అసంబద్ధం. కూలీల మధ్య పోటీగా చూస్తే మాత్రం నమ్మదగినదే. దిగినవాళ్లంతా అద్దె మనుషులు. నిలబడే చోటు క్షణక్షణానికి కుంచించుకుపోతుంటుంది. పక్కవాడు పడిపోతేనే తనకు బతుకు. యజమాని రంగస్థలంమీద కనబడడు. ఆట తయారుచేసినవారు ఉద్దేశించారో లేదో గాని, యుద్ధమనే పేరుపెట్టి మన కాలపు బతుకుతెరువునే చూపారు. లోపమల్లా ఆ సంగతి ఆటకు తెలియకపోవడంలో ఉన్నది. అయిదుగురు యోధులు తుపాకులు దించి “ఈ ఖనిజం ఎవరికోసం?” అని అడిగే వీలు అందులో లేదు.

మన తెలుగువారి ఊహ ఇంతకంటె మెరుగ్గా ఉన్నదా? నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్‌లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రం తీసుకుందాం. ఎండిపోయిన కాశీ మీద కాంప్లెక్స్ అనే ఊర్ధ్వనగరం. లోకంలోని నీటినీ పచ్చదనాన్నీ అది పీల్చుకున్నది. దాని అధిపతి యాస్కిన్, స్త్రీల గర్భాలనుంచి తీసిన సారంతో ఆయువు పెంచుకోజూస్తాడు. మా ప్రాంతంవారికి ఇది కొత్త కథ కాదు. బోధన్‌నే ఏకచక్రపురమని, భీముడు బకాసురుణ్ణి చంపినది అక్కడేనని మేము చెప్పుకుంటాం. బండెడు అన్నం, రోజుకొక మనిషి, అదీ బకుని లెక్క. యాస్కిన్ ఆ బకుడే. అతనికేమి కావాలో మనకు తెలుసు, అతని పద్ధతి ఆ కోరికకు తగినదే. ఇంతవరకు ఔచిత్యం ఉన్నది.

తిరగబడిన శంబలవాసుల సంగతి వేరు. తల్లిని కాపాడాలి, పుట్టబోయేవానికోసం ఎదురుచూడాలి, ఇదే వారి వ్యూహం. కాశీని గెలిచిన తర్వాత నీళ్లు ఎవరికి, ఎలా పంచుతారో ఆ చిత్రంలో ఎవరూ మాట్లాడరు. కాని అశ్వత్థామను తీసుకురావడంలో గొప్ప నైతికస్ఫూర్తి ఉన్నది. దుర్యోధనుడు తొడలు విరిగి పడి ఉన్నాడు, రాజ్యం పోయింది. ఆ రాత్రి అశ్వత్థామ నిద్రపోతున్నవారిని చంపాడు, ఆపైన ఉత్తర గర్భంమీదికి అస్త్రం వేశాడు. లక్ష్యం చచ్చిపోయాక బతికిన యుద్ధమది. అటువంటివానికి ఒక గర్భాన్ని కాపాడే పని అప్పగించడం సరయిన శిక్ష.

ఎక్కడ ఆపాలన్న ప్రశ్న కావ్యాలలోదే కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో దాదాపు 3,000 గ్రామాలలో 10 లక్షల ఎకరాలు పంచారని, 4,000 మంది ప్రాణాలిచ్చారని పుచ్చలపల్లి సుందరయ్యగారు రాశారు. దొర, రజాకారు, నిజాం ఎదురుగా ఉన్నంతకాలం లక్ష్యానికీ వ్యూహానికీ పొత్తు కుదిరింది. 1948 సెప్టెంబరులో భారతసేన వచ్చి నిజాం లొంగిపోయాక, అదే తుపాకీ అదే లక్ష్యానికి పనికివస్తుందా అన్న ప్రశ్న పుట్టింది. రావి నారాయణరెడ్డిగారివంటివారు వద్దన్నారు, భూమి నిలుపుకోవడానికి తుపాకీ తప్పదని మరికొందరన్నారు. 1951 అక్టోబరులో విరమించేవరకు ఆ వాదం రక్తంలోనే సాగింది. ఎవరి పక్షం సరి అన్నది ఇక్కడ ప్రస్తుతం కాదు. చావుకు సిద్ధపడినవారు కూడా “ఎందుకు, ఎంతవరకు” అని తమలో తాము అడిగారు. ఆ ప్రశ్న వారి వీరత్వంలో భాగం.

దీనికొక ఆక్షేపణ ఉన్నది. ఆట ఆటే కదా, చదరంగంలో రాజు ఎందుకు పోరుతున్నాడని ఎవరడుగుతారు? నిజమే. కాని చదరంగం తనదొక లోకమని చెప్పుకోదు, చరిత్ర రాసుకోదు. లోకాన్ని నిర్మించి చూపే ఆటను ఆ లోకపు న్యాయం అడగవలసిందే. ఆమాటకొస్తే మా ఊళ్లలో బండలమీద గీసి ఆడే పులిజూదంలోనే ఎక్కువ బుద్ధి ఉన్నది. మూడు పులులకు ఆకలి, పదిహేను మేకలకు ప్రాణభయం. మేకలు గెలవాలంటే పులిని చంపనక్కర్లేదు, కదలకుండా కట్టడి చేస్తే చాలు. లక్ష్యానికి హద్దు ఉన్నది, వ్యూహం దానికి సరిపోతుంది, ఒంటరి మేక గెలవదన్న సత్యమూ తెలుస్తుంది.

శత్రువుకు అవసరం లేదని చెప్పే కథ, శత్రువుతో మాట్లాడనక్కర్లేదని చెప్పకనే చెబుతుంది. గెలుపు తర్వాత రేపు లేదన్న కథ, చచ్చినవారి ఇళ్లకు రేపు లేదని ఒప్పుకున్నట్లే. అందుకే ఇది శిల్పలోపంతో ఆగదు.

మోర్తాడ్, బాల్కొండ, ఆర్మూరు చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. కౌటిల్యుడు చెప్పిన ప్రవాసం మాకు యుద్ధం లేనప్పుడు కూడా ఉన్నది. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్‌మీద దాడి చేసింది, 22న అమెరికా బాంబులు వేసింది, 23 రాత్రి ఇరాన్ క్షిపణులు కతార్‌లోని అల్ ఉదైద్ స్థావరంమీదికి వచ్చాయి. కతార్ ఆకాశమార్గం మూసుకుంది. మెట్లమీద ఆడుకున్న ఆ ముగ్గురిలో ఒకని తండ్రి దోహాలో డ్రైవరు. మరునాడు ఆ పిల్లవాడు తరగతికి వచ్చాడు, చేతిలో ఫోన్ ఉన్నది, ఆట లేదు. వాళ్ల నాయన రాత్రి ఫోన్ చేసి బాగనే ఉన్నానన్నాడట. పాఠం అయ్యాక నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

“వాళ్లకు ఏం కావాలె సార్? ఎక్కడ ఆపుతరు?”

విర్లోక్ గురించి అతను ఈ ప్రశ్నలు ఎన్నడూ అడగలేదు. మూడో ప్రశ్న కూడా అతనికి అందించి, తెలిసినంతవరకు జవాబు చెప్పడానికి కూర్చున్నాను.