బుగులు

బుగులైతాంది, అంటే భయమవుతోంది. బొగ్గు గనుల ఊరు మణుగూరులో ఈ ఒక్క మాట అంటే చాలు, ఎదుటివాళ్లు చేతిలో పని పక్కన పెట్టి దగ్గరికొస్తారు. ఎంత గొప్ప మాట! పెదవులు విడివడుతుండగా మొదలై, గొంతులోకి దిగి, నాలుక చివర వణుకుతూ ఆగుతుంది. పలుకుతుంటేనే కడుపులో ఏదో కదులుతుంది.

బుగులుకు కొలతలూ ఉన్నాయి. వరదల్లో భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలకు ప్రాణం పోసేది మన మాటలే. మొదటి హెచ్చరికకు బెరుకు, రెండోదానికి గుబులు, మూడోదానికి దడ. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జూలైలో మళ్లీ 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఒడ్డునున్న ఊళ్లు బిక్కుబిక్కుమంటూ తెల్లవార్లూ మేలుకున్నాయి. గజగజలో ఒళ్లంతా ఉంటుంది. దడదడలో గుండె ఉంటుంది. బిక్కుబిక్కులోనైతే చీకటి ఉంటుంది, దిక్కులేనితనం ఉంటుంది, ఎప్పుడు తెల్లారుతుందా అన్న ఎదురుచూపు ఉంటుంది. ఇన్ని సంగతుల్ని రెండుసార్లు పలికిన ఒక చిన్న చప్పుడులో దాచిన భాష మనది!

బడిలో పిల్లలు 'ఐ యామ్ అఫ్రైడ్' అని రాస్తారు. అందులో మనిషీ భయమూ ఒకటైపోతారు. ఇంటికొచ్చి అదే పిల్లలు 'నాకు భయమేస్తోంది' అంటారు. చలి వేస్తుంది, ఆకలి వేస్తుంది, భయమూ వేస్తుంది. చలి నెగడు ముందు పోతుంది, ఆకలి ముద్ద దిగితే పోతుంది. వాటి సరసన కూర్చోబెట్టి, భయం కూడా వచ్చిపోయేదేనని పసివాడికి వ్యాకరణమే ధైర్యం చెబుతోంది.

ఇంగ్లీషు ఉపమానాలూ నాకు ఇష్టమే. భయపడితే వాళ్ల గుండె నోట్లోకి ఎగబాకుతుంది, మన గుండె జారిపోతుంది. వాళ్లు బిగుసుకుపోతే మనం కొయ్యబారిపోతాం. వణుకు దగ్గరకొచ్చేసరికి ఇద్దరికీ చెట్టే దిక్కయింది: వాళ్లు ఆకులా వణుకుతారు, మనం చిగురుటాకులా. ఆకుకు ముందు ఆ చిగురు చేర్చిన వాళ్లెవరో, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

'గుండెల్లో రైళ్లు పరుగెత్తాయి' అని తెలుగువాళ్లంతా అంటారు. మణుగూరులో ఆ రైలు బొగ్గు మోస్తుంది. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగడం, కాళ్ల కింద నేల అదరడం ఇక్కడివాళ్లకు ఉపమానాలు కావు, రోజూ ఉండేవే. అందుకేనేమో, బాయి (గని) పనికి బయల్దేరిన కొడుకుతో తల్లి బుగులన్న మాటే ఎత్తదు. 'పైలం బిడ్డా' అంటుంది, అంటే జాగ్రత్త అని. భయం గురించి తెలుగులో నేను విన్న మాటలన్నిటిలోకీ గొప్పది అదే, అందులో భయమన్న పేరే లేదు.

మణుగూరులో ఇంగ్లీషు చెప్పే పంతుళ్లకు, పంతులమ్మలకు ఒక మనవి. దుప్పటిలా తెల్లబోయాడని రాయించే ముందు, మీ అమ్మమ్మ ఏమంటుందో చెప్పమని పిల్లల్ని అడగండి. ఎవరైనా 'నా గుండెల్లో బొగ్గు రైలు పరుగెత్తింది' అని ఇంగ్లీషులో రాసుకొస్తే, దయచేసి ఎర్ర సిరాతో కొట్టేయకండి.