చల్లదనము – దాసోహము

వైశాఖమాసము ప్రవేశించునప్పటికి కృష్ణా పశ్చిమడెల్టా గ్రామములలో కాలువలు వట్టిపోవును. పొలములు నెఱ్ఱెలు విచ్చును. తెనాలి–రేపల్లె రైలుమార్గమున నున్న జంపని గ్రామమునందును ఇదియే స్థితి. ఇచ్చటి యెండ పలనాటి రెంటచింతల యెండవంటిది కాదు. అచ్చట గాలి పొడిగా నుండును. ఇచ్చట సముద్రము సమీపమున నుండుటచే గాలిలో తేమ హెచ్చు. చెమట పట్టును గాని ఆరదు. చెమట యారినప్పుడే శరీరము చల్లబడును గనుక, తక్కువ యెండకే ఇచ్చటివారు ఎక్కువ బాధ పడుదురు. అందుచేతనే వాతావరణశాఖవారు వడగాడ్పును నిర్ణయించుటకు మైదానములకు 40 డిగ్రీలను, తీరప్రాంతములకు 37 డిగ్రీలను కనీసపు హద్దుగా నుంచి, ఆపై సాధారణమునకు మించిన హెచ్చుదలను గూడ లెక్కింతురు.

వడదెబ్బ మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 2003వ సంవత్సరపు వేసవిలో నాటి ఆంధ్రప్రదేశమున 3,000 మందికి పైగా మరణించిరి. 2015లో రెండు తెలుగు రాష్ట్రములలోను కలిపి 1,900 మందికి పైబడి ప్రాణములు కోల్పోయిరి. వీరిలో అధికసంఖ్యాకులు ఎవరు? ఎండలో పనిచేయక తీరని కూలీలు, ఇంటిలో ఒంటరిగా నున్న వృద్ధులు. సూర్యుడు అందఱిపై సమముగనే ప్రకాశించును. కాని ఎండ అందఱిని సమముగ బాధింపదు. నీడ గలవానికొక వేసవి, నీడ లేనివానికి మఱియొక వేసవి. కావున చల్లగా నుండుట కేవలము సౌఖ్యవిషయము గాక ధర్మవిషయము కూడ అగుచున్నది.

నేడు పల్లెలలో సైతము స్తోమత గలవారు శీతలయంత్రములను అమర్చుకొనుచున్నారు. ఆ యంత్రము చల్లదనమును సృష్టింపదు. గదిలోని వేడిని తోడి వెలుపల పోయును. దానికి తోడు తాను వినియోగించు విద్యుత్తు వలన గలిగిన వేడిని గూడ చేర్చి బయటికి నెట్టును. అనగా లోపల తగ్గిన వేడికంటె వెలుపల పెరిగిన వేడియే యెక్కువ. ఇఱుకు సందులో ఒక యింటి యంత్రము వదలు వడగాలి పొరుగింటి కిటికీలోనికి పోవుట అందఱెఱిగినదే. ఒకటిన్నర టన్నుల యంత్రము నడచుటకు ఇరువది పంకాలకు సరిపడు విద్యుత్తు కావలసియుండును. మన దేశమున విద్యుత్తులో ముప్పాతిక వంతుకు దగ్గరగా బొగ్గు వలననే లభించుచున్నది. 1979లో ఇబ్రహీంపట్నమున నారంభమైన విద్యుత్కేంద్రము నేటికిని బొగ్గుతోనే నడచుచున్నది. ఆ పొగ భూమిని మఱింత వేడెక్కించును. మఱుసటి వేసవి యింకను తీవ్రమగును. యంత్రముల యవసరము ఇంకను పెరుగును. ఇది తన తోకను తానే మ్రింగుచున్న పాము చందము.

అట్లని యంత్రము నుంచుకొనుట పాపమని తీర్పు చెప్పుట తగదు. పసిబిడ్డ గల యింట, హృద్రోగి యున్న గదిలో అది ప్రాణరక్షకము. శరీరము లింగమునకు నెలవని శరణులు బోధించిరి. అట్టి శరీరమును వడగాడ్పునకు బలియిచ్చుట తపస్సు కానేరదు. మఱియొక మాట కూడ గలదు. తాను చల్లనిగదిలో కూర్చుండి పేదవానితో “కుండనీరు చాలును, విసనకఱ్ఱ చాలును” అని నీతులు చెప్పువాని మాటకు విలువ లేదు. మితము బోధింపదగినవాడు ముందుగా మితము పాటించినవాడే. యంత్రమును 18 డిగ్రీలకు దింపి దుప్పటి కప్పుకొని నిద్రించుట అవసరము కాదు, ఆడంబరము. 24 డిగ్రీలకో, అంతకు పైననో యుంచి పంకా త్రిప్పుకొన్నను శరీరమునకు హాయిగనే యుండును. హెచ్చించిన ఒక్కొక్క డిగ్రీకి సుమారు నూటికి ఆఱు వంతుల విద్యుత్తు మిగులునని చెప్పుదురు.

ఇక పెద్దలనాటి పద్ధతులను తలచుకొందము. తాటాకుటిండ్లు, వసారాలు, వాకిట కొబ్బరాకు పందిళ్లు, వేపచెట్ల నీడలు, వట్టివేళ్ల తడికలు, ఇసుకపై నుంచిన మట్టికుండలు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, తాటిముంజెలు—ఇవన్నియు డబ్బుతోను విద్యుత్తుతోను పని లేని చల్లదనములు. అయితే పాతదంతయు మేలని కన్నులు మూసికొని నమ్మరాదు. తడి తడిక వలన గాలి చల్లబడుట ఆ గాలి పొడిగా నున్నప్పుడే. రెంటచింతలలో నుపకరించినంతగా అది జంపనిలో నుపకరింపదు. ఇచ్చట కావలసినవి నీడ, ఎదురెదురు కిటికీల నుండి గాలి పారుదల, వేడెక్కని పైకప్పు. పగలంతయు ఎండను త్రాగిన సిమెంటు డాబా రాత్రియంతయు దానిని గ్రక్కును. ఆ డాబాపై దట్టముగ తెల్లని సున్నము వేసినచో ఎండలో చాలభాగము తిరిగి ఆకాశమునకు పోవును. లోపలి వేడి కొన్ని డిగ్రీలు తగ్గును. ఈ సూత్రమునే ఆధారము చేసికొని తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది.

ఈ రెండు తెఱగుల చల్లదనములకును గల భేదమును గమనింపవలెను. యంత్రపు చల్లదనము ఒకని వేడిని వేఱొకనిపైకి నెట్టును. సున్నపు కప్పు ఎవ్వరి వాకిటను వేడిని పోయదు. చెట్టునీడ నాటినవానికే గాక దారిని పోవువానికిని, పశువునకును, పక్షికిని చెందును. పరులకు తాపము కలిగింపక తాను చల్లబడుట ఉత్తమము. తనతోబాటు పరులను చల్లబఱచుట ఉత్తమోత్తమము. దీనినే శరణుల పరిభాషలో దాసోహమందుము. మిగిలినది విదిలించుట దాసోహము కాదు. తనకు లభించినది సమాజము సొత్తని యెఱిగి వినయముతో నర్పించుటయే దాసోహము.

కాయకమును గూర్చియు ఒకమాట. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు కష్టజీవియైన ప్రతివానిని సమానాసనమున కూర్చుండబెట్టెను. చాకలి, చెప్పులు కుట్టువాడు, కట్టెలు కొట్టువాడు శరణులైరి. కాయకము పవిత్రమని చెప్పి, మిట్టమధ్యాహ్నము కూలివానిచే మొక్కజొన్న కండెలు విఱిపించుట ఆ బోధకు గౌరవము కాదు. పని పవిత్రమైనచో పనిచేయు దేహమును పవిత్రమే. తెల్లవాఱుజామున పని మొదలిడి పదకొండు గంటలకు విరమింపజేయుట, చేని గట్టున నీడయు నీరును సమకూర్చుట, పని వేళ తగ్గినను కూలి తగ్గింపకుండుట యజమాని ధర్మములు. ఈ చివరిది కష్టమే. కాని కూలి తెగునను భయముతో ఎండలో నిలిచినవాని కష్టముతో పోల్చినచో అది స్వల్పము.

మఠములును, గ్రామమునందలి లింగాయత కుటుంబములును చేయదగిన పనులు పెక్కు గలవు. మధ్యాహ్నవేళ మఠపు మంటపమును కులమత భేదము లేక అందఱికిని తెఱచి యుంచవచ్చును. చలివేంద్రము ఫోటోల నిమిత్తము ఒక్కనాడు వెలసి మఱునాటికి కుండలెండిపోవునది కాక, తొలకరి వఱకు నిలిచి యుండవలెను. ఒంటరి వృద్ధుల యిండ్లకు రోజున కొకసారి పోయి పలుకరించువారుండవలెను. మాట తడబడి, ఒడలు కాలిపోవుచు, స్పృహ తప్పుచున్న వారిని వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు చల్లి విసరుచు, 108కి కబురంపవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు. తొలకరి రాగానే వేప, కానుగ, రావి మొక్కలు నాటి, మూడు వేసవుల పాటు వానికి నీరు పోయువారిని నియమింపవలెను. నాటుట ఉత్సవము, పెంచుట కాయకము.

“ఒక్కడు యంత్రము నాపినంత మాత్రమున లోకము చల్లబడునా?” యని కొంద ఱడుగుదురు. చల్లబడదు. ఒక్కని ముద్దతో లోకపు టాకలియు తీఱదు. అయినను పంక్తిలో తనకు కావలసినంతయే వడ్డించుకొని తరువాతివానికి మిగుల్చుట మర్యాదయని ఎవ్వరును నేర్పకయే తెలియును. చల్లదనమును అట్టి పంక్తిలోని పదార్థమే. ఆ పంక్తిలో రాబోవు తరమువారును కూర్చుండవలసి యున్నారు. ఈ యేటి యెండలలో ఎవరి గడప యెదుట నీడ యున్నదో, ఎవరి గడప యెదుట లేదో ప్రతి గ్రామమునను పెద్దలొకసారి తిరిగి చూతురు గాక. చేయవలసిన పని వారికే తెలియగలదు.